ఓడలో తూర్పు ముఖం గది

తుళ్లూరు,
ఆగస్టు 9.

శేషాచలం గారికి,

వెంకటనారాయణ రాస్తున్నాను. నా చేతిరాత చూసి చించేయకుండా ఇంతవరకూ వచ్చారంటే మిగతాది కూడా చదవండి. మనం మాట్లాడుకుని పదేళ్ళయింది. ఫోన్ చేద్దామంటే మీకు చెవులు పూర్తిగా పోయాయనీ, ఫోన్ ముట్టుకోరనీ వినుకొండలో ఒక పెళ్ళిలో మీ చెల్లెలు సుబ్బలక్ష్మి గారు చెప్పారు. సత్తెనపల్లి అడ్రసు కూడా ఆవిడే ఇచ్చారు. అందుకని కాగితం, కలం పట్టాను.

సంగతేమిటంటే, నేనూ కోటేశ్వరీ ఓడ ఎక్కుతున్నాం. నవ్వకండి. జనవరిలో చెన్నైలో ఎక్కితే శ్రీలంక దాకా తీసుకెళ్ళి ఐదో రోజున మళ్ళీ చెన్నైలో దింపుతుంది. మనం చిన్నప్పుడు కృష్ణ దాటిన పంటు లాంటిది కాదు. పద్నాలుగు అంతస్తులంట. మా ఆవిడ మేనల్లుడు చైతన్యకృష్ణ గుంటూరులో టూర్ల ఆఫీసు పెట్టాడు. వాడొక పుస్తకమంత కాగితాలిచ్చాడు. అంతా ఇంగ్లీషు. గదుల్లో రకాలు, ఆఫర్లలో రకాలు. ఏది మంచిదిరా అంటే, "మావయ్యా, ఇవాళ కడితేనే ఈ ఆఫరు, రేపుండదు" అంటాడు. మిర్చి యార్డులో దళారీల నోట ఈ మాట ముప్పై ఏళ్ళు విన్నాను. అందుకే నమ్మకం కలగటం లేదు.

కోటేశ్వరికి కోరిక ఒకటే. మంచం మీంచి లేవకుండా, తన గదిలోంచి, సముద్రంలో పొద్దు పొడవటం చూడాలంట. జనంలో నిలబడి కాదు. నాకు కావలసింది కూడా ఒకటుంది. గది తూర్పు ముఖం ఉండాలి. రాజధానికి పొలాలిచ్చినందుకు లాటరీలో మాకు పడమర ముఖం ప్లాటొచ్చింది. దాంట్లోనే ఇల్లు కట్టాం. ఆ ఇంట్లోకి వచ్చాక పడ్డది చాలు.

ఎవర్ని అడగాలా అనుకుంటుంటే మా ఆవిడే అంది, "అన్నయ్యగారైతే కామా కూడా వదలకుండా చదువుతారు" అని. సరేనంటే కాగితాలు పంపుతాను.

జరిగింది మనసులో పెట్టుకోవద్దని రాయబోయి ఆగాను. ఎట్లా పెట్టుకోకుండా ఉంటారు.

వెంకటనారాయణ


సత్తెనపల్లి,
ఆగస్టు 17.

మహారాజశ్రీ వెంకటనారాయణ గారి సముఖానికి,

చించలేదు. ఈ మధ్య నాకొచ్చే కాగితాలన్నీ బ్యాంకు పంపేవీ, కరెంటాఫీసు పంపేవీ. మనిషి రాసిన ఉత్తరం చించేంత ఐశ్వర్యం నాకు లేదు.

పదేళ్ళని రాశావు. పదేళ్ళ నాలుగు నెలలు. నిందించడానికి చెప్పటం లేదు, నీకు మరుపొచ్చిందేమోనని గుర్తు చేస్తున్నాను. బళ్ళో పాఠం చెప్పి వచ్చి సాయంత్రాలు ఇరవై రెండేళ్ళు ఆ గ్రంథాలయం నడిపాను. జీతం లేదు, అడగలేదు. రాజధాని వస్తోందనగానే సర్పంచివి నువ్వు ఆ గదిని ప్లాట్ల బేరాల ఆఫీసుకి అద్దెకిచ్చావు. రెండు వేల మూడు వందల పుస్తకాలు మిరప గోతాల్లో కుక్కించావు. దులిపిన గోతాలు కూడా కావు. తర్వాత ఏ పుస్తకం తెరిచినా తుమ్ములే. ఆ ఏటి వానకి అడుగు వరస నానింది, పై వరస చెదలు తిన్నాయి. నేను అడ్డం పడితే పంచాయతీ అరుగు మీద నలభై మంది ముందు నువ్వన్న మాట ఇది: "పంతులూ, నీ పుస్తకాలు ఎకరం ఎంత పలుకుతాయో చెప్పు, మనమే కొందాం." నలభై మందీ నవ్వారు. చెవులు పోయాక చాలా శబ్దాలు మర్చిపోయాను. మా అమ్మ గొంతు కూడా సరిగ్గా గుర్తు రావటం లేదు. ఆ నవ్వు మాత్రం ఉంది.

ఇప్పుడు మీరు సముద్రం మీద విహారానికి వెళ్తున్నారు. శుభం. మా తాతల కాలంలో మావాళ్ళు సముద్రం దాటితే కులంలోంచి వెలివేసేవారు. ఈ కాలంలో దాటడానికి ఆఫర్లిస్తున్నారు. మంచం మీంచి లేవకుండా పొద్దు పొడవటం చూడాలనే కోరిక నాకు బాగా నచ్చింది. పొలం ఉన్నన్నాళ్ళూ మీకు పొద్దు పొడవటమంటే పనికి పిలుపు. పొలం పోయి ప్లాటొచ్చాక అదొక వేడుకైంది.

కాగితాలు పంపు. అచ్చు కనపడితే చదవకుండా ఉండలేకపోవటం నా రోగం. కోటేశ్వరమ్మ అడిగిందన్నావు కాబట్టి కూడా. ఆ ఊళ్ళో తీసుకున్న పుస్తకాన్ని అట్ట నలగకుండా తిరిగిచ్చిన మనిషి ఆవిడొక్కతే.

శేషాచలం


తుళ్లూరు,
సెప్టెంబరు 2.

ఒరేయ్ శేషూ,

నువ్వు నన్ను "నువ్వు" అన్నావుగా, ఇక ఈ గార్లూ గీర్లూ నావల్ల కాదు. ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం.

ఆ మాట అన్నాను. జనం నవ్వుతారనే అన్నాను. ఆ రోజుల్లో ఊరంతా ఎకరాల్లోనే మాట్లాడేది, నేనూ అంతే. నవ్వినవాళ్ళలో సగంమంది ప్లాట్లమ్ముకుని ఎటో పోయారు. అరుగు కూడా లేదు. ఇంతకంటే ఏం రాయాలో నాకు తెలియదు. తిట్టాలంటే ఇంకా తిట్టు.

కాగితాలు ఈ కవర్లోనే పెట్టాను. గదులకి ఎనిమిది పేర్లున్నాయి, ప్రతి పేరు పక్కనా ఒక అంకె. ఫొటోల్లో అన్నీ ఒకేలా ఉన్నాయి, తెల్ల దుప్పటీ, దాని మీద మడతపెట్టిన తువ్వాలు. యార్డులో నేను ఏనాడూ పైకాయ చూసి బేరం చేయలేదు, బస్తా అడుగునుంచి తీయించి చూశాను. దీనికి అడుగెక్కడుందో తెలియటం లేదు. నువ్వే చూడు. బస్సులో సీటుకి కిటికీ ఉన్నట్టు ఓడ గదికి కిటికీ ఎటూ ఉంటుందిగా. అది ఏ గదికి తూర్పున ఉంటుందో అది చెప్పు చాలు. మీ నాన్నగారు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఇళ్ళకి ముగ్గు పోయించినవారు. నువ్వు వాస్తు నమ్మకపోయినా నీకు తెలుసు.

కోటేశ్వరి ఈ మధ్య చదవటం తగ్గించింది. బద్ధకం అంటుంది. నేనే రోజూ నాలుగు పేజీలు చదివి పెడుతున్నా. నేను ఆగిన చోటల్లా, "కామా దగ్గర అంతసేపు ఆగకండీ, అది మిరప కల్లం కాదు కాపలా కూర్చోటానికి" అని ఎగతాళి. నీ ఉత్తరం కూడా నేనే చదివాను. అరుగు సంగతి వదిలేసి చదివాను.

నీ
వెంకటనారాయణ


సత్తెనపల్లి,
సెప్టెంబరు 16.

వెంకటనారాయణకి,

నలభై రెండు పేజీలూ రెండుసార్లు చదివాను. ఇంత జాగ్రత్తగా రాసిన వచనం ఈ మధ్య చూడలేదు. ఒక్క వాక్యంలోనూ రాసినవాడు దొరకడు.

ముందు ఆఫర్ల సంగతి. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న ధర గదికి కాదు, మనిషికి. దాని మీద రేవు పన్ను వేరు, పనివాళ్ళకిచ్చేది వేరు. భోజనం దాంట్లోనే, కానీ అన్ని చోట్లా కాదు. బాగున్న హోటళ్ళకి ఓడలోనే మళ్ళీ కట్టాలి. మూడో మనిషికి ఉచితం అన్నారు, మీకు మూడో మనిషి లేడు. ధర తగ్గే కొద్దీ కట్టుబాట్లు పెరుగుతాయి. తక్కువ ధర గది పుచ్చుకుంటే నవంబరు అయిదు దాకా మార్చుకోవచ్చు. ఆ తర్వాత మార్పూ లేదు, మానుకుంటే తిరిగి ఇచ్చేదీ లేదు.

ఇక దిక్కు. ఇల్లు కదలదు కాబట్టి దానికి ముఖం ఉంటుంది. ఓడకి ముఖం ఎక్కడిది? వెళ్ళేటప్పుడు తూర్పున ఉన్న గది వచ్చేటప్పుడు పడమరవుతుంది. అంచున ఏ గది తీసుకున్నా రెండు రోజులు శుభం, రెండు రోజులు నువ్వు భయపడుతున్నదే. తిరిగే వస్తువులో తిరగనిది నడుమ. ఇంటికి బ్రహ్మస్థానం అదే, గుడికి గర్భాలయం అదే. మా నాన్న బతికుంటే ఆయనా ఇదే చెప్పేవాడు. కింది అంతస్తులో, ఓడ మధ్యలో, నడవాకి లోపలివైపున్న గది తీసుకో. అక్కడ ఊపు తక్కువ, వాంతులుండవు. లిఫ్టు దగ్గర. పైన నాటకశాల లేదు, చప్పుడుండదు. ఇవి కాగితాల్లో ఉన్న మాటలే, నావి కావు.

నీ మేనల్లుడు బాల్కనీ గది అంటాడు. అందులోనే వాడికి మిగిలేది. ఉప్పుగాలి, తలుపు బిగుసుకుపోవటం, కిందనుంచి పొగ. కొన్నిటికి ప్రాణరక్షణ పడవలు ఎదురుగా వేలాడుతూ అడ్డం. వాడు ఏదో ఒకటి చెప్పబోతాడు. చెప్పనివ్వకు.

సముద్రం సంగతి. ఓడ చుట్టూ అదే కదా ఉండేది. పొద్దు ఎక్కడికీ పారిపోదు.

ఫారం నేనే నింపాను. సంతకం పెట్టి ఇచ్చెయ్.

శేషాచలం


తుళ్లూరు,
అక్టోబరు 8.

ఒరేయ్ శేషూ,

పని అయిపోయింది. చైతన్యగాడి ఆఫీసులో అన్విత అని ఒక అమ్మాయి కంప్యూటర్లో కొట్టి కాగితం ఇచ్చింది. నువ్వన్నట్టే వాడు, "మావయ్యా, అత్తయ్య కోరిక సంగతి ఆలోచిస్తే ఆ గది..." అని మొదలుపెట్టాడు. "నువ్వు నోరు మూసుకో. మా పంతులు నలభై రెండు పేజీలూ చదివాడు, నువ్వు ఒక్కటైనా చదివావా?" అన్నాను. మొహం చిన్నబుచ్చుకుని, "మీ ఇష్టమండీ" అన్నాడు. నాకు భలే తృప్తిగా ఉంది.

కోటేశ్వరి అప్పుడే గోంగూర, పండుమిరప పచ్చళ్ళు చిన్న సీసాలకెత్తింది. ఓడలో పెట్టనివ్వరే అంటే, "ఎవడు చూస్తాడండీ, చీరల మడతల్లో పెడతా" అంటుంది. నిన్నొకటి అడగమంది. మంచం మీద తల ఎటు పెట్టుకోవాలి? పొద్దు కాళ్ళవైపునుంచి వస్తుందా, పక్కనుంచి వస్తుందా? పక్కనుంచైతే ఏ పక్క పడుకోవాలి? ఆవిడకి కుడివైపు తిరిగి పడుకోవటం కుదరదు.

"చూశారా, అన్నయ్యగారికి మన మీద కోపం పోయింది" అని కూడా అంది. పోయిందా?

నీ
వెంకటనారాయణ


సత్తెనపల్లి,
అక్టోబరు 24.

వెంకటనారాయణకి,

జవాబు ఆలస్యమైంది. ఒంట్లో బాగాలేదు.

తల దక్షిణానికి పెట్టుకోమను. మిగతాది ఓడ ఎక్కాక చూసుకోవచ్చు.

ఇంకొక సంగతి రాద్దామనుకున్నాను. ఇప్పుడు కాదు. ఇక్కడ పత్తి తీసే రోజుల్లో వాన పట్టుకుంది, మా వీధి చివర చెంచయ్య చేను మొత్తం నల్లబడింది. అతను రోజూ వచ్చి మా అరుగు మీద కూర్చుని ఏదో చెప్తాడు. నాకు వినపడదని అతనికి తెలుసు. అయినా చెప్తాడు. నేను తల ఊపుతాను.

శేషాచలం


తుళ్లూరు,
డిసెంబరు 14.

శేషాచలం,

నిన్న గుంటూరు వెళ్ళాను. పొద్దు ఎటునుంచి వస్తుందో నువ్వు సరిగ్గా చెప్పలేదు కదా, చైతన్యనే అడుగుదామని. వాడు నా మొహం కాసేపు చూసి, "మావయ్యా, ఆ గదికి కిటికీ లేదు" అన్నాడు. లేకపోవటమేమిట్రా అన్నాను. "లేదండీ. నాలుగు వైపులా గోడే. మీకు తెలిసే తీసుకున్నారనుకున్నా" అన్నాడు. నీ ఫారం తీసి చూపించాడు. నీ అక్షరాలే.

ముప్పై ఏళ్ళు బస్తా అడుగు చూడకుండా కాయ కొనని వాణ్ణి. దీన్ని చూడకుండా కొన్నాను, నువ్వు చూశావని.

ఇప్పుడు నేను దాచింది చెప్తాను. కోటేశ్వరికి కళ్ళు పోతున్నాయి. షుగరు. కుడికన్ను కిందటి ఏడే పోయింది, లోపల నెత్తురు చిమ్మింది. ఎడమది కూడా ఎప్పుడు చిమ్ముతుందో చెప్పలేమన్నాడు డాక్టరు. ఇవాళ కావచ్చు, ఏడాదికి కావచ్చు. లేజరూ అయింది, ఇంజెక్షన్లూ అయ్యాయి. చదవటం బద్ధకం కాదు. ఎవరికీ చెప్పొద్దంది. "కళ్ళు పోతున్నాయంటే చూట్టానికొస్తారు. నాకు వాళ్ళ మొహాలు కనపడవు, వాళ్ళ జాలి మాత్రం వినపడుద్ది" అంది. మేనల్లుడికి మొన్న మొన్ననే తెలిసింది, అదీ వాళ్ళమ్మ కనిపెట్టి చెప్తే. తూర్పు ముఖం, వాస్తు అని నేను మొత్తుకుంది ఆ పడమర ఇంట్లోకి వచ్చాకే ఆవిడకిట్లా అయిందని. నువ్వు నవ్వుకో.

తడుముకుంటూ జనంలో నిలబడటం ఇష్టం లేకే మంచం మీంచి అంది. ఉన్న చూపుతో ఒక్కసారి, ఎవరూ తనని చూడకుండా.

గది మార్చటానికి లేదు. నవంబరు అయిదుతో ఆఖరంట. బాల్కనీ గదులు ఒక్కటీ లేవు, వేరే ఓడ ఈ ఏడు లేదు. మానేస్తే ఇక ఎప్పుడు?

నీకు తెలిసి చేశావా, తెలియక చేశావా? తెలియక చేశావని రాయి. నమ్ముతాను.

వెంకటనారాయణ


సత్తెనపల్లి,
డిసెంబరు 27.

వెంకటనారాయణా,

తెలిసే చేశాను.

కళ్ళ సంగతి తెలియదు. అది తెలియకపోవటం నాకు సాకు కాదు. కోరిక తెలుసు, మొదటి ఉత్తరంలోనే రాశావు. ప్రతి గదికీ కిటికీ ఉంటుందని నువ్వనుకుంటున్నావని తెలుసు. లోపలి గదులకి ఉండదని పదకొండో పేజీలో ఉంది. నీకు అది చెప్పకుండా ఉండటానికి ఎంత కష్టపడి వాక్యాలు కట్టానో ఆ ఉత్తరం మళ్ళీ చదివితే తెలుస్తుంది. ఒక్క అబద్ధం కూడా లేదు అందులో. రాసి ముగించాక చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

ఇంకొకటి. అట్లాసు తీసి చూశాను. ఓడ చెన్నైనుంచి దక్షిణానికి పోతుంది. వెళ్ళేటప్పుడు ఎడమవైపు బాల్కనీ గది తీసుకుంటే మొదటి రోజు పొద్దున్నే మంచం ఎదురుగా సూర్యుడు లేస్తాడు. వాస్తుతో పని లేదు. నువ్వడిగిన ప్రశ్నకి సరైన జవాబు నా దగ్గర సెప్టెంబరులోనే ఉంది.

మీరు ఆ గదిలో తలుపు తీసి, నాలుగు గోడలూ చూసి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవాలని నా కోరిక. నలభై మంది అక్కర్లేదు, మీరిద్దరూ చాలనుకున్నాను. అక్టోబరులో తల ఎటు పెట్టుకోవాలని ఆవిడ అడిగినప్పుడు మాత్రం మింగుడు పడలేదు. నిజం రాద్దామని కూర్చున్నాను. పత్తి గురించి రాశాను. నవంబరు అయిదు, కార్తీక పౌర్ణమి. గోడమీది పంచాంగంలో ఆ తేదీకి చుట్టూ గీత గీసుకున్నాను, అప్పటికైనా రాయాలని. ఆ రోజు సుబ్బలక్ష్మి దీపాలు పెడుతుంటే కూర్చుని చూశాను. అప్పుడైనా మీ ఇంటికి ఆవిడ చేత ఒక ఫోన్ చేయిస్తే సరిపోయేది.

చైతన్యకృష్ణకి రాశాను. చాలా మర్యాదగా జవాబిచ్చాడు. ఎవరైనా మానుకుంటే వచ్చే గదికోసం పేరు రాయించాడట. ముందు పదిహేడు మంది ఉన్నారు. ఓడ ఎక్కగానే కౌంటరులో అడగండి. రానివాళ్ళ గదులు అప్పుడప్పుడు ఇస్తారని ముప్పై ఆరో పేజీలో ఉంది. ఇవ్వకపోతే మొదటి పొద్దున ఆరింటికల్లా పై అంతస్తులో ఎడమవైపు కమ్మీ దగ్గరికి తీసుకెళ్ళు. ఇంతకంటే నా చేతుల్లో ఏమీ లేదు.

శేషాచలం


తుళ్లూరు,
జనవరి 28.

శేషాచలానికి,

కౌంటరులో అడిగాను. ఓడ నిండా జనం. ఆ పిల్ల నవ్వుతూనే లేదంది.

గది మన గ్రంథాలయం పక్క సామాను కొట్టంత ఉంది. శుభ్రంగా ఉంది. మంచం ఎదురు గోడకి ఒక తెర కట్టారు, లాగితే వెనక గోడే. కోటేశ్వరి ఆ తెర పట్టుకుని చూసి, "పోన్లెండి, ఏసీ చల్లగా ఉంది" అంది. అంతే అంది.

మొదటి పొద్దున నువ్వు చెప్పినట్టే అయిదున్నరకి బయల్దేరాం. నడవా పొడుగునా అన్నీ ఒకే రకం తలుపులు. ఆవిడ గోడ కమ్మీ పట్టుకుని నడిచింది. పైకెక్కితే డెక్కు కడుగుతున్నారు, ఎడమవైపు తాడు కట్టారు. "జారుతుంది, అరగంట ఆగండి" అని కడిగేవాడొకడు సైగ చేశాడు. "బాబూ, ఒక్క నిమిషం, ఆవిడకి..." అని తెలుగులో బతిమాలాను. వాడేం దేశంవాడో. తాడు తీసేసరికి పొద్దు ఎక్కింది, అదీ మబ్బులో. తెల్లగా ఒక మరక కనపడింది. "రేపు చూద్దాం" అంది. మర్నాడు రేవులో ఉన్నాం, కంటైనర్లు తప్ప ఏమీ లేదు.

మూడో రోజు నాకు మెలకువ వచ్చి గడియారం చూస్తే ఏడు. లైటు వేశాను. కోటేశ్వరి లేచే ఉంది.

"లైటు వేయండీ" అంది.

"వేశానుగా" అన్నాను.

"అబ్బ, వేయండీ. పరాచికాలు వద్దు."

"నీ మొహం మీదే పడుతోందే."

చెయ్యి మొహం ముందు ఆడించుకుంది. "ఈ గది చీకటి అనుకుంటున్నా ఇందాకట్నుంచీ" అంది. "ఎప్పట్నుంచి లేచున్నావ్?" అంటే, "ఏమో. తెల్లారితే మిమ్మల్ని లేపుదామని చూస్తున్నా" అంది.

ఓడ డాక్టరు చుక్కలు వేశాడు. గుంటూరు డాక్టరు చూసి ఇక రాదన్నాడు. రాత్రి పోయిందో తెల్లవారుజామున పోయిందో ఎవరికీ తెలియదు. తెలిసినా చేసేదేం లేదన్నాడు. ఆ గదికి పోలేదు కన్ను, షుగరుకి పోయింది. అది నాకూ తెలుసు.

నీ డిసెంబరు ఉత్తరం ఆవిడకి చదవలేదు. ఏం రాశారని అడిగితే కార్తీక దీపాల గురించి రాశాడన్నాను. కిటికీ సంగతి చైతన్యగాడి తప్పనుకుంటోంది. అనుకోనీ. వాడు కూడా ఏమీ అనటం లేదు.

నిన్న అంది, "మనకి ఎటూ కుదర్లేదు. అన్నయ్యగారు చదవని పుస్తకం లేదు కదా, సముద్రంలో పొద్దు ఎట్లా పొడుస్తుందో రాయమనండి. మీరు చదువుదురుగాని" అని. నాకు నీకు రాయాలని లేదు. ఆవిడ అడిగిందని రాస్తున్నాను.

వెంకటనారాయణ


సత్తెనపల్లి,
ఫిబ్రవరి 11.

వెంకటనారాయణా, ఇది కోటేశ్వరమ్మకి. పైనుంచి కిందిదాకా చదువు. ఏ భాగమూ వదిలేయకు.

చిరంజీవి సౌభాగ్యవతి కోటేశ్వరమ్మకి,

పుస్తకాలు తీశానమ్మా. చాలామంది రాశారు. ఎవరూ చూసినట్టు లేదు. అందుకని మొన్న బాపట్ల వెళ్ళి ఒక సత్రంలో పడుకుని, హయాత్ అనే అతని ఆటో మాట్లాడుకుని పొద్దున్నే సూర్యలంక వెళ్ళాను. డెబ్బై నాలుగేళ్ళలో నేను సముద్రం చూడటం అదే మొదలు. నాకు దాని చప్పుడు వినపడలేదు. అలలు వచ్చి విరుగుతుంటే ఎవరో దూరంగా దుప్పటి దులుపుతున్నట్టుంది.

ముందు వెలుగు రాదు. ముందు గీత వస్తుంది, నీటికీ ఆకాశానికీ మధ్య. అంతవరకూ రెండూ ఒకటే బూడిద రంగు. తర్వాత గీత పైన ఒక చోట రంగు మారుతుంది. ఎర్రగా కాదు. కల్లంలో నాలుగు రోజులు ఎండిన కాయ రంగు. ఇక్కడే వస్తాడని ఆ చోటే చూస్తూ కూర్చున్నాను, రెండు చేతుల దూరంలో పక్కన వచ్చాడు. మొదట గోరంత. కదలటం కనపడదు. కన్ను తిప్పి మళ్ళీ చూస్తే వేలెడు పైకి వచ్చి ఉన్నాడు. అడుగుభాగం నీటికి అంటుకుని కొంచెం సాగి, తర్వాత వదిలింది. అంతా కలిపి మూడు నాలుగు నిమిషాలు. ఆ తర్వాత చూడలేం, కళ్ళల్లో నీళ్ళొస్తాయి. నీటి మీద దారిలాగా పడింది వెలుగు, సరిగ్గా నా కాళ్ళ దాకా. పక్కన చేపల వల లాగుతున్న మనిషిని అడిగాను, నీకూ నీ కాళ్ళ దాకానే కనపడుతోందా అని. అవునన్నట్టు తల ఊపాడు. ప్రతివాడికీ తన దాకానే వస్తుందట.

ఇది నీ గదిలోకి వచ్చి ఉండేది. రాకుండా చేసింది నేను. చైతన్యకృష్ణ కాదు. అతను చెప్పబోతే మీ ఆయన చేత నోరు మూయించింది కూడా నేనే. ఆ గదికి కిటికీ లేదని నాకు తెలుసు. కావాలని ఆ గది రాశాను. నవంబరు అయిదు దాకా మార్చే వీలుండి కూడా ఊరుకున్నాను. నీ కళ్ళ సంగతి తెలియదు, కానీ నీ కోరిక తెలుసు. మీ ఆయన మీద కక్షతో నీ పొద్దు తీసుకున్నాను. పదేళ్ళ కిందట నలభై మంది నవ్వుతుంటే నువ్వు మీ అరుగు దిగి వచ్చి నా చేతిలో నువ్వు తీసుకున్న రెండు పుస్తకాలు పెట్టి, "గోతాల్లోకి పోనివ్వకండి అన్నయ్యగారూ" అన్నావు. అది నాకు గుర్తుంది. గుర్తుండే రాశాను ఆ ఫారం.

క్షమించమని అడగటం లేదు. ఏం అడగాలో తెలియటం లేదు. నా దగ్గర ఇంకా రెండు మంచి కళ్ళున్నాయి, వాటితో ఏం చేయాలో చెప్పు. తుళ్లూరు వచ్చి రోజూ నీకు చదివి పెట్టమంటే వస్తాను. రావద్దంటే రాను.

శేషాచలం


తుళ్లూరు,
ఫిబ్రవరి 19.

శేషాచలానికి,

నువ్వు చెప్పినట్టే మొత్తం చదివాను. వరండాలో నవారు మంచం మీద కూర్చుని వింది. పొద్దు పొడిచే దాకా బాగా వింది. దారి నీ కాళ్ళ దాకా పడిందన్న చోట, "ఆ ముక్క మళ్ళీ చదవండి" అంది. చదివాను.

తర్వాతది మొదలుపెట్టాను. కార్తీక దీపాల గురించి నేను చెప్పింది అబద్ధమని అర్థమైంది ఆవిడకి, నావైపు మొహం తిప్పింది. నేను ఆగాను. "చదవండి" అంది. రెండు పుస్తకాల సంగతి దాకా వచ్చాక, "ఆయనకి బరువు దిగింది. ఇప్పుడు నేనేం చేసుకోను దాన్ని?" అంది. గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది. కాలు తలుపు గడపకి తగిలింది. నేను లేచాను. "వద్దు" అంది.

ఏ భాగమూ వదలొద్దని రాశావు కాబట్టి మిగిలినది ఆ ఖాళీ మంచానికి చదివాను.

వెంకటనారాయణ